మ్యాపు అంచున సీతాఫల్‌మండి

సైన్యంలో పనిచేశానని తెలిస్తే ఈ కాలం పిల్లలు మొట్టమొదట అడిగేది ఒకటే: "ఎంతమందిని కాల్చారు అంకుల్?" ఒక్కణ్ణీ కాల్చలేదు నాయనా. నా సర్వీసులో సగానికి పైగా నేను శత్రువు వేషం వేశాను. అదీ బల్ల మీద. నాకు బాగా పట్టుబడిన విద్య ఓడిపోవడం.

నవ్వకండి, వివరంగా చెబుతాను. పెద్ద ఆపరేషన్ ఏదైనా తలపెట్టినప్పుడు, అందులోనూ పదాతిదళం, నౌకాదళం, విమానాలవాళ్లు కలిసి చేయాల్సినదైతే, ఒకే ప్లానుతో బయల్దేరరు. మూడు రాసుకుంటారు. ఒక్కోదాన్నీ మూడు ప్రశ్నలు అడుగుతారు. దీంతో అనుకున్న పని అవుతుందా? మన దగ్గరున్న మనుషులతో, సరంజామాతో చేయగలమా? చేశాక జరిగే నష్టాన్ని భరించగలమా? ఆ తర్వాత మ్యాపు పరిచి, ఒకరు మనవైపు, ఒకరు శత్రువు వైపు కూర్చుని ఎత్తుకు పైఎత్తు వేస్తారు. ఏ ప్లాను ఎక్కడ చిరుగుతుందో అక్కడ తెలుస్తుంది. చివరికి మార్కులు వేసి పట్టిక కడతారు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది కదా! కాకపోతే ఆ గదిలోకి అడుగుపెట్టేసరికే పెద్దాయన ఒక ప్లాను మీద మనసు పడి ఉంటాడు. మిగతా రెండూ పట్టిక నింపడానికి.

ఈ సంగతి నాకు కెప్టెన్‌గా ఉన్నప్పుడు తెలియదు. ఒక సంయుక్త విన్యాసంలో శత్రువు వైపు నన్ను కూర్చోబెట్టారు. నిజంగా ఆడమన్నారనుకుని నిజంగానే ఆడాను. మధ్యాహ్నం భోజనానికి ముందే మనవాళ్ల సరుకుల ఓడను ముంచేశాను. తీర్పరిగా కూర్చున్న పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని, "ఆ ఓడ మునగలేదు, కాస్త దెబ్బతిన్నదంతే" అన్నారు. భోజనాలయ్యాక నేను ముంచిన ఓడ నా కళ్ల ముందే తేలి, రేవు చేరి, సరుకు దించింది. ఆ ఏడాది నా రిపోర్టులో 'అత్యుత్సాహం' అని ఒక మాట పడింది. ఆ మాట నన్ను రెండేళ్లు వెనక్కి నెట్టింది.

తర్వాత నేర్చుకున్నాను. పొద్దుట నుంచి కాస్త బెట్టు చేయాలి. శత్రువు మరీ సన్నాసిగా కనిపిస్తే గెలిచినవాళ్లకు విలువ ఉండదు. మూడింటికల్లా అలసిపోవాలి. నాలుగింటికి టీ వస్తుంది, టీకి ముందు ఓడిపోవాలి. ఈ క్రమం నాకు ఎంత బాగా వచ్చేసిందంటే, ఎక్కడ విన్యాసం జరిగినా "శత్రువుకు ఆయన్ని పిలవండి" అనేవారు.

తెలంగాణ ఉద్యమం మలివిడత ఉధృతంగా సాగుతున్న రోజులకు నేను మేజర్‌ని. సికింద్రాబాద్‌లో ఒక శిక్షణ సంస్థలో ఇదే విద్య నేర్పుతున్నాను. ఇల్లు తార్నాకలో. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి కట్టుకున్న ఇల్లు. నేను యూనివర్సిటీ రోడ్ల మీద సైకిలు నేర్చుకున్నవాణ్ణి. అయినా ఆ రోజుల్లో మా వీధిలో మమ్మల్ని ఎవరైనా "మీది ఏ ఊరు?" అని అడిగితే, జవాబుకు ముందు ఒక్క క్షణం ఆగేవాళ్లం.

అప్పుడు తార్నాకలో ఎవరికీ కాలు నిలిచేది కాదు. పొద్దున్నే లేస్తే బందా, కాదా? బస్సులు క్యాంపస్ మీదుగా వెళ్తున్నాయా, చుట్టు తిరుగుతున్నాయా? దుకాణాలవాళ్లు షట్టరు సగానికి దించి, కింద నుంచి వంగి సరుకు ఇచ్చేవారు. పోలీసులు కొట్టే టియర్ గ్యాసు వాసన గాలి ఎటు వీస్తే అటు వచ్చేది. పప్పు పోపు వేస్తూ మా ఆవిడ కళ్లు తుడుచుకుంటే ఉల్లిపాయో, గ్యాసో తెలిసేది కాదు. నేను ఇంట్లో హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి హాల్లోకి తిరుగుతుంటే, "ఏవండీ, కాసేపు కూర్చోండి, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అనేది.

అలాంటి రోజుల్లో విద్యార్థులు పెద్ద ప్రదర్శనకు పిలుపు ఇచ్చారు. ఊళ్ల నుంచి కూడా జనం వస్తారని, అందరూ క్యాంపస్‌లో కలుసుకుని బయటికి నడుస్తారని కబురు. సంయుక్త బృందం ఒకటి కూర్చుంది. పోలీసులు, కేంద్ర బలగాలు, అవసరమైతే పిలవడానికి సిద్ధంగా ఉంచిన మా సైనిక దళం. సైన్యం తరఫున నన్ను పంపారు. అధ్యక్షత వహించిన పోలీసు అధికారికి నా ఖ్యాతి అప్పటికే చేరింది.

"మేజర్ గారూ, మీరు స్టూడెంట్స్ సైడ్ ఆడాలండీ. మా ప్లాన్స్ టెస్ట్ అవ్వాలి కదా" అన్నాడాయన. మర్యాదస్థుడు. ఏ మాటకా మాట చెప్పాలి, చెడ్డవాడు కాడు. వారం నుంచి సరిగ్గా తిండి, నిద్ర లేక కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఆయన పైన కూడా పెద్దాయనలు ఉన్నారు.

నాకు సహాయంగా ఒక హెడ్ కానిస్టేబుల్‌ని ఇచ్చారు. క్యాంపస్‌లో పదేళ్లకు పైగా బీటు తిరిగిన మనిషి. జనగామ వైపు రైతు కుటుంబం. సీతాఫల్‌మండిలో అద్దెకు ఉండేవాడు. హాస్టళ్లలో ఏ గదిలో ఏ జిల్లా పిల్లలున్నారో, ఏ మెస్సులో ఏ రోజు చారు నీళ్లలా ఉంటుందో ఆయనకు తెలుసు. నేను 'హెడ్డుగారూ' అని పిలిచేవాణ్ణి. పోలీసుల్లో అలా ఎవరూ పిలవరట, మొదటి రోజు కాస్త ఇబ్బంది పడ్డాడు.

బల్ల మీద క్యాంపస్ మ్యాపు షీటు పరిచారు. పోలీసులకు నీలం బొత్తాలు, కేంద్ర బలగాలకు ఖాకీ, మాకు ఆకుపచ్చ. విద్యార్థులకు రంగు మిగల్లేదు. హెడ్డు క్యాంటీన్‌కు వెళ్లి గుప్పెడు చింతగింజలు తెచ్చాడు. ఒక్కో గింజ ఒక్కో గుంపు అనుకున్నాం.

మూడు ప్లాన్లు. ఒకటి: గేట్లన్నీ మూసి, చుట్టూ మూడు వరుసలు కట్టి, తార్నాక వైపు నుంచి గ్యాసుతో లోపలికి నెట్టడం. రెండు: ఒక గేటు తెరిచి, తార్నాక చౌరస్తా దాకా దారి ఇచ్చి, పక్కన నడిచి, మళ్లీ వెనక్కి తీసుకురావడం. మూడు: ముందురోజే హాస్టళ్లలో నాయకుల్ని పట్టుకోవడం.

మూడోది పొద్దున్నే పోయింది. "లీడర్లని వట్టుకపోతే కొత్త లీడర్లు మొలుస్తరు సార్. ఆడ రూముకొక్కడు ఉన్నడు" అన్నాడు హెడ్డు. ఎవరూ కాదనలేదు. రెండోదాన్ని నేను చిత్తశుద్ధితోనే ఆడాను. గింజల్ని చౌరస్తాకు తెచ్చి కూర్చోబెట్టాను. పాటలు పాడించాను, సాయంత్రం దాకా లేవనివ్వలేదు. చివరికి ఆకలేసి లేచారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ట్రాఫిక్ మాత్రం నాశనమైంది.

"తార్నాక ఆరు గంటలు బ్లాక్. దీన్ని ఎవరికి చెప్పి ఒప్పిస్తాం?" అని అధ్యక్షుడు పెదవి విరిచాడు. నా వైపు తిరిగి నవ్వి, "మీ ఇల్లు అక్కడే కదండీ, మీ గుమ్మం దాకా రానివ్వమంటారా?" అన్నాడు. పట్టికలో 'నష్టం భరించగలమా' అన్న గడిలో రెండో ప్లానుకు తక్కువ మార్కులు పడ్డాయి. ఆయన మనసు మొదటి ప్లాను మీద ఉందని నాకు అప్పటికే తెలుసు. చెప్పొద్దూ, ఆ గుమ్మం మాటకు నా మనసు కూడా కాస్త అటు జరిగింది.

మధ్యాహ్నం నుంచి మొదటి ప్లాను. నేను అలవాటు ప్రకారం బెట్టు చేశాను. పెద్ద గేటు దగ్గర రెండుసార్లు తోశాను. తార్నాక వైపు ఒకసారి రాళ్లు వేయించాను. బొత్తాలు గ్యాసుతో ముందుకు వచ్చాయి. గింజలు వెనక్కి, ఇంకా వెనక్కి, పడమటి గోడ దాకా వచ్చాయి. అక్కడితో షీటు అయిపోయింది.

గోడ గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. బయట కప్పుల చప్పుడు. అధ్యక్షుడు నా వైపు చూశాడు. పడమటి గోడ దగ్గర పోగైన గింజల్ని నేను అరచేత్తో ఒక్క తోపు తోశాను. షీటు అంచు దాటి, బల్ల దాటి కింద పడ్డాయి. మా ఆటలో నియమం ఒకటుంది: మ్యాపు దాటినవాళ్లు చెదిరిపోయినవాళ్లు. తీర్పరిగా కూర్చున్న అధికారి 'గుంపులు చెదిరిపోయాయి' అని రాసుకున్నాడు. కింద నేను సంతకం పెట్టాను.

హెడ్డు బల్ల కిందికి వంగి గింజలు ఏరుతున్నాడు. ఏరి, గుప్పెట్లో పెట్టుకుని లేచి నన్ను అడిగాడు: "సార్, ఈళ్లు ఏడికి వోయిన్రు?"

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మ్యాపు అయిపోయింది గద సార్. పోరగాళ్లు అయిపోరు గద."

"ఇళ్లకు పోయారయ్యా, ఇళ్లకు" అన్నాడు అధ్యక్షుడు, టీ అందుకుంటూ.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఒక చోట కూర్చోలేకపోయాను. కాలు కాలిన పిల్లిలా తిరిగాను. అన్నం ముందు కూర్చుని లేచాను. మర్నాడు పొద్దున్నే హెడ్డుకు ఫోను చేసి, "ఆ గోడ చూపిస్తారా?" అని అడిగాను. "రాండ్రి సార్, నేను గాడ్నే ఉన్న" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే ఆయన అప్పటికే అక్కడున్నాడు.

తార్నాక నుంచి క్యాంపస్ అడ్డంగా దాటి నడిచాను. చిన్నప్పుడు సైకిలు తొక్కినవాణ్ణే అయినా ఆ మూలకు నేనెప్పుడూ పోలేదు. గోడ ఒకచోట నిలువెత్తు మేర కూలి ఉంది. కూలిన రాళ్లు అరిగి నున్నగా ఉన్నాయి. అంత నునుపు రావాలంటే ఏళ్ల తరబడి కాళ్లు తొక్కాలి. అవతల చిన్న మురుగుకాలువ, దాని మీద ఎవరో వేసిన రాతిపలక, తర్వాత కంకర, తర్వాత రైలు పట్టాలు. కాస్త దూరంలో సీతాఫల్‌మండి స్టేషన్. పట్టాలు అక్కడ వంపు తిరుగుతాయి. నేను చూస్తుండగానే ఆ వంపులోంచి లోకల్ రైలు వచ్చేసింది. ముందు చప్పుడు వినబడలేదు, ఎదుటికి వచ్చాకే వినబడింది. నేను గోడకు అతుక్కుపోయాను.

"హాస్టల్ పిల్లలు టేషన్‌కు వోవాలంటే గిదే తొవ్వ సార్" అన్నాడు హెడ్డు. "గేట్లు అన్ని బంద్ వెట్టి, ఎనుకకెల్లి గ్యాస్ కొడితే ఆళ్లకు యాదికొచ్చేది గీ సందే. కండ్లు మండుతుంటయ్, రైలు సూస్తరా? ఒక్కపాలి గా పట్టాల మీదికి వోయి నిలవడ్డరంటే..." ఆయన పట్టాల వంపు వైపు చెయ్యి చూపించాడు.

మా బల్ల దగ్గర అన్ని శాఖలవాళ్లూ ఉన్నారు, ఒక్క రైల్వేవాళ్లు తప్ప. రైలు పట్టాలు షీటులో లేవు కాబట్టి వాళ్లను పిలవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు అందరికంటే పెద్దది, ఎందుకంటే ఆ గింజల్ని తోసింది నా చెయ్యి. కళ్లకు ఏమీ కనిపించని జనాన్ని నేను రైలు కిందికి తోసి, దానికి 'చెదిరిపోయారు' అని సంతకం పెట్టాను. ఈ మాట నాకు ఆ గోడ దగ్గరే తట్టింది.

గంటలో అధ్యక్షుడి ముందున్నాను. ఆయన రెండు ఫోన్లు మాట్లాడుతూ మూడోది చేత్తో మూసి, "చెప్పండి మేజర్ గారూ" అన్నాడు.

"సార్, పడమటి వైపు ఇంకోసారి ఆడి చూద్దామనిపిస్తోంది."

"నిన్న ఆడాం కదండీ. మీరే ఓడిపోయారు. మీకు అక్కడ చాన్స్ కనిపిస్తే అప్పుడే ఎందుకు వాడుకోలేదు?"

న్యాయమైన ప్రశ్న. దానికి ఒకటే జవాబు ఉంది: కావాలనే ఓడిపోయాను సార్. టీ వేళ అయిందని ఓడిపోయాను. ఇన్నేళ్లుగా అలాగే ఓడిపోతున్నాను. ఆ ఒక్క వాక్యం చెబితే పట్టిక చెల్లదు, ప్లాను ఆగుతుంది, మళ్లీ మొదట్నుంచి ఆడాలి. ఆ వాక్యం చెబితే నా పరువూ పోతుంది. ఆ నెలలోనే లెఫ్టినెంట్ కల్నల్ పదోన్నతికి నా ఫైలు వెళ్తోంది. వెనక్కి పడిన రెండేళ్లు నాకు ఇంకా గుర్తే.

"అంటే, మరీ అంత కాదు సార్, ఒకసారి చూసుకుంటే మంచిదని..." అని నీళ్లు నమిలాను.

"నోట్ పెట్టండి, చూద్దాం."

నోట్ పెట్టాను. ఏం రాశానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: 'పడమటి గోడ వద్ద తగిన జాగ్రత్త వాంఛనీయం.' రైలు అన్న మాట రాయలేదు. రాస్తే, మరి నిన్న ఏం చేశావని అడుగుతారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఆ మాటను తప్పించుకున్నాను. నా నోట్‌కు ఫలితం దక్కింది. గోడ దగ్గర ఇద్దరిని కాపలా వేశారు. వాళ్లలో ఒకరు హెడ్డు. ఎవరినీ దాటనివ్వకూడదు, చోటు వదిలి కదలకూడదు అని ఆర్డరు.

ప్రదర్శన రోజు వచ్చింది. నేను కంట్రోల్ రూములో వైర్‌లెస్ సెట్టు పక్కన ఉన్నాను. పొద్దున్నుంచి అంతా బల్ల మీద ఆడినట్టే నడుస్తోంది. పెద్ద గేటు దగ్గర రెండుసార్లు తోపులాట, తార్నాక వైపు రాళ్లు. ఒకటే తేడా, గింజలు అరవవు. సెట్టులో అరుపులు, నినాదాలు, మధ్యలో ఒక ఆడపిల్ల గొంతు ఎవరి పేరో పెట్టి పిలవడం వినిపిస్తోంది. మా ఆవిడ ఫోను చేసి, "కిటికీలన్నీ మూశాను, అయినా కళ్లు తెరవలేకపోతున్నాను. లోపల ఆ పిల్లలు ఎట్లా ఉన్నారండీ?" అంది. పని ఉందని పెట్టేశాను.

మధ్యాహ్నం దాటాక సెట్టులో హెడ్డు గొంతు వచ్చింది.

"అందరు గోడ దిక్కు ఉరికొస్తున్నరు. శానమంది ఉన్నరు. రైళ్లు ఆపమని చెప్పుర్రి. జల్ది చెప్పుర్రి సార్."

ఆపరేటరు నా వైపు చూశాడు. అధ్యక్షుడు పక్కగదిలో ఫోనులో ఉన్నాడు, తలుపు మూసి ఉంది. రైల్వే కంట్రోల్ నంబరు గోడ మీద ఉంది. ఫోను నా చేతికి అందేంత దూరంలో ఉంది. నాకు అధికారం లేదు, నిజమే. సైన్యం ఆ రోజు ఇంకా పిలుపు అందుకోలేదు, నేను అక్కడ అతిథిని. కానీ ఫోను ఎత్తడానికి అధికారం ఎందుకు?

"సారుకి చెప్పండి" అన్నాను ఆపరేటరుతో. ఆపరేటరు లేచి వెళ్లి తలుపు తట్టాడు. లోపలినుంచి ఆగమన్నట్టు వినిపించింది. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఒక నిమిషం. సెట్టులో హెడ్డు మళ్లీ పిలిచాడు. రెండు నిమిషాలు. తర్వాత ఆయన గొంతు ఆగిపోయింది.

కొంతసేపటికి ఆ ఫోనే మోగింది. అవతల రైల్వేవాళ్లు. "మీ మేజర్ గారి ఆర్డర్ మీద సీతాఫల్‌మండి దగ్గర రెండు లైన్లూ ఆపేశాం. ఎంతసేపు ఆపాలో చెప్పండి."

అప్పుడే తలుపు తెరుచుకుని అధ్యక్షుడు బయటికి వచ్చాడు. ఆపరేటరు నన్నూ ఫోన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు.

జరిగింది ఇది. హెడ్డు చోటు వదిలి, పట్టాల వెంట స్టేషన్‌కు పరుగెత్తాడు. స్టేషన్ మాస్టరు ఉత్తర్వు రాతపూర్వకంగా కావాలన్నాడు. కానిస్టేబుల్ మాట మీద రైలు ఆపితే తన ఉద్యోగం పోతుందన్నాడు. హెడ్డు ఊపిరి పీల్చుకుని, "మిలిటరీ మేజర్ సార్ చెప్పిండు, మీకు ఫోన్ వస్తది, ముందు ఆపుర్రి" అన్నాడు. సైన్యం అనేసరికి ఆయన ఆపేశాడు. అప్పటికే గోడ సందులోంచి జనం పట్టాల మీదికి దిగారు. కళ్లు నులుముకుంటూ, దగ్గుతూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఏది ఏ దిక్కో తెలియక కొందరు పట్టాల మధ్యే కూర్చుండిపోయారు. లోకల్ రైలు వంపు అవతల నిలబడి కూత వేస్తోంది. కంకర మీద పడి మోకాళ్లు చీరుకుపోయినవాళ్లు ఉన్నారు. అంతకు మించి ఏమీ జరగలేదు. సీతాఫల్‌మండి ఇళ్లలోంచి ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి పిల్లల కళ్లు కడిగారట. మర్నాడు పేపర్లో రైళ్ల ఆలస్యం గురించి రెండు లైన్లు వచ్చాయి. జరగనిదాని గురించి పేపరు ఎందుకు రాస్తుంది?

పదిరోజులకు విచారణ. హెడ్డు మీద మూడు ఆరోపణలు. ఆర్డరు లేకుండా చోటు వదిలాడు. కాపలా రెండోవాడొక్కడికే వదిలేసి జనాన్ని దాటనిచ్చాడు. సైనిక అధికారి పేరు చెప్పి తప్పుడు ఉత్తర్వు ఇచ్చాడు. మూడోదే అసలుది. దానికి సాక్షిని నేను.

గదిలో అదే అధ్యక్షుడు, మరో ఇద్దరు. హెడ్డు ఒక పక్కన అటెన్షన్‌లో నిలబడి ఎదురుగోడ చూస్తున్నాడు. నాకు కుర్చీ వేశారు.

"మేజర్ గారూ, ఒకటే ప్రశ్న. రైళ్లు ఆపమని మీరు ఈయనకు చెప్పారా?"

చూడండి, పిల్లలూ. నా ఉద్యోగం మొత్తం అబద్ధపు ఓటముల మీద నడిచింది. పెద్దాయనల సంతోషం కోసం అబద్ధం ఆడడం నాకు మంచినీళ్లు తాగినంత తేలిక. ఇప్పుడు ఒక్క అబద్ధం కావాలి. 'చెప్పాను' అంటే చాలు, ఆ మనిషి బయటపడతాడు. నాకు ఒక మందలింపు వస్తుంది, పదోన్నతి మళ్లీ వెనక్కి పోతుంది, అంతే. పోనీ అబద్ధం వద్దు, పూర్తి నిజం ఉంది: నేను చెప్పలేదు, చెప్పాల్సింది నేనే, నోట్‌లో రైలు మాట దాచింది నేను, ఈయన నా పని చేశాడు. అదీ చెప్పవచ్చు.

"లేదు సార్" అన్నాను.

నిజమే చెప్పాను. జీవితంలో అంత సిగ్గుమాలిన నిజం మరొకటి చెప్పలేదు.

హెడ్డును ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. "సార్ పేరు చెప్తెనే నా మాట ఇంటరని అనుకున్న" అన్నాడు. నా వైపు చూడలేదు. తప్పు ఒప్పుకున్నట్టు రాసుకున్నారు. హెడ్ నుంచి కానిస్టేబుల్‌గా దించి, అడవి అంచున ఎక్కడో ఒక స్టేషన్‌కు పంపారు. ఆ ఏడాదే నాకు పదోన్నతి వచ్చింది. మా ఆవిడ పాయసం చేసింది. రెండు చెంచాలు తిని, కడుపు బాలేదని లేచాను.

రాష్ట్రం వచ్చింది. ఆ సాయంత్రం క్యాంపస్‌లో పటాకుల మోత మా డాబా మీదికి వినిపించింది. మా వీధిలో భయపడినట్టు మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, స్వీట్లు కూడా తెచ్చి ఇచ్చారు. ఆ రోజు పట్టాల మీద కూర్చున్న పిల్లలు ఈపాటికి లెక్చరర్లో, లాయర్లో, ఉద్యోగం దొరక్క ఊరికి పోయినవాళ్లో అయి ఉంటారు. ఎవరైనా సరే, ఉన్నారు.

నేను రిటైరై నాలుగేళ్లు ఆగాను. ఎందుకు ఆగానంటే ఏం చెప్పను? కిందటేడు అడ్రసు కనుక్కుని సీతాఫల్‌మండి వెళ్లాను. ఆయన కానిస్టేబుల్‌గానే రిటైరయ్యాడు. అదే గల్లీలో, వేరే అద్దె ఇల్లు. గుమ్మంలో భార్యాభర్తలిద్దరూ పేపరు పరుచుకుని గోంగూర తెంపుతున్నారు. నన్ను చూసి ఆయన లేచి నిలబడబోయాడు. మోకాలు సహకరించక గోడ పట్టుకున్నాడు.

"సార్! గీడిదాకొచ్చిన్రా? రాండ్రి, కూసోండ్రి."

దారి పొడుగునా నేను వాక్యాలు కూర్చుకుంటూ వెళ్లాను. తప్పు నాది, ఆ రోజు నేను ఫోను ఎత్తేవాణ్ణి కాదు, మిమ్మల్ని ముంచాను, క్షమించమని. కూర్చున్నాను. ఆయనే ముందు మొదలుపెట్టాడు.

"నాదే తొందర సార్ గా రోజు. మీ పేరు వాడుకున్న. మీకెంత పరేషాన్ అయ్యిందో అని శాన దినాలు బాధైంది. ఇంక రెండు నిమిషాలు ఆగితే మీరే ఫోన్ చేస్తుండిరి. నాకెర్కే. గోడ సూడనీకె నడుసుకుంట వచ్చిన మనిషి చెయ్యకుంట ఉంటడా? నేనే ఆగలేకపోయిన." కాస్త ముందుకు వంగాడు. "చేస్తుండిరి గద సార్?"

ఆ మొహంలో అనుమానం లేదు. అన్నేళ్లు, ఆ అడవి స్టేషన్లో, దాని మీదే నిలబడ్డాడని అర్థమైంది.

"అవును" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. భార్య వైపు తిరిగి, "చెప్పలే నీకు?" అన్నాడు.

ఆమె నా వైపు చూడలేదు. గోంగూర తెంపుతూనే ఉంది.